రెండు రోజుల రామేశ్వరం, రామకథ వరసలో

రామేశ్వరం వెళ్తున్నాం, చేతిలో రెండు రోజులే ఉన్నాయి, ఏమేం చూడాలి అని అడిగితే అందరూ ఒకే పట్టిక చెప్తారు. పెద్దగుడి (రామనాథస్వామి ఆలయం), ధనుష్కోటి, పాంబన్ వంతెన, రాముడి పాదాలు, పంచముఖ హనుమాన్, కలాం గారి ఇల్లు. ఆటో మాట్లాడుకుంటే ఒక పూటలో చాలావరకు తిప్పేస్తారు కూడా. దగ్గరవి ముందు, దూరమైనవి తర్వాత. అలా తిరిగితే అన్నీ చూసినట్టే ఉంటుంది గానీ, ఎక్కడ ఏం జరిగింది, ఏది దేని తర్వాత జరిగింది అన్నది మనసులో నిలవదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ ఊరిని కిలోమీటర్ల లెక్కన చూడకండి, రామకథ నడిచిన వరసలో చూడండి. రెండు రోజులకి ఆ వరస చక్కగా సరిపోతుంది.

మనవాళ్ళు సాధారణంగా దిగీదిగగానే పెద్దగుడికి పరుగెత్తుతారు. ఆత్రం అర్థమవుతుంది, పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి కదా. కానీ పెద్దగుడి ఈ కథకి చివర. యుద్ధం అయిపోయి, రావణుడు పడిపోయి, రాముడు సీతమ్మతో తిరిగి వచ్చాక జరిగిన లింగప్రతిష్ఠ అది. మొదలు వేరే చోట ఉంది. ధనుష్కోటి దారిలో, ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కనే ఒక్కటే నిలబడి ఉన్న కోదండరామాలయంలో ఉంది.

మొదటిరోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్ళండి. గర్భగుడిలో సీతారామలక్ష్మణులతో పాటు విభీషణుడు కూడా ఉంటాడు. విభీషణుడు రాముణ్ణి శరణు కోరింది ఇక్కడేనని స్థలపురాణం. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో ఆ ఘట్టం చదివి వెళ్తే ఈ చిన్న గుడి ఎంత పెద్దదో తెలుస్తుంది. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలోనే ఆగాడు. కిందికి దిగలేదు. సుగ్రీవుడు, వీడు శత్రువు తమ్ముడు, నమ్మకూడదు, చంపెయ్యాలి అన్నాడు. రాముడు అందరి అభిప్రాయం అడిగాడు. అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు తలా ఒక జాగ్రత్త చెప్పారు. ఎవరి మాటా తప్పు కాదు, యుద్ధం ముందు ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. హనుమంతుడొక్కడే ఈయన మనసు మంచిదే, చేర్చుకోవచ్చు అన్నాడు. అందరూ చెప్పాక రాముడు అన్న మాట ఇది:

సకృదేవ ప్రపన్నాయ తవాస్మీతి చ యాచతే
అభయం సర్వభూతేభ్యో దదామ్యేతద్వ్రతం మమ

ఒక్కసారి వచ్చి, నేను నీవాణ్ణి అని అడిగితే చాలు, ఎవరికైనా సరే అభయం ఇస్తాను, ఇది నా వ్రతం అంటున్నాడు. ఇంతవరకు చాలామందికి నోటికి వచ్చు. నన్ను పట్టి నిలిపేది దీని తర్వాతి శ్లోకం.

ఆనయైనం హరిశ్రేష్ఠ దత్తమస్యాభయం మయా
విభీషణో వా సుగ్రీవ యది వా రావణః స్వయమ్

సుగ్రీవా, అతన్ని తీసుకురా, అభయం ఇచ్చేశాను. వచ్చింది విభీషణుడైనా సరే, స్వయంగా రావణుడే అయినా సరే! భార్యను ఎత్తుకుపోయినవాడి గురించి అంటున్న మాట ఇది. సైన్యం ఎదురుగా ఉంది, సముద్రం అడ్డుగా ఉంది, సీతమ్మ ఇంకా అశోకవనంలోనే ఉంది. ఆ స్థితిలో కూడా రాముడు తలుపు మూయలేదు. ఈ శ్లోకాన్ని మనసులో పెట్టుకునే రెండోరోజు పెద్దగుడికి వెళ్ళాలి. ఎందుకో అక్కడికి వచ్చాక చెప్తాను.

శరణు ఇచ్చిన వెంటనే రాముడు లక్ష్మణుడితో సముద్రజలం తెప్పించి, విభీషణుణ్ణి లంకకు రాజుగా అభిషేకం చేయించాడు. లంక ఇంకా చేతికి రాలేదు, ఒక్క బాణం కూడా వెయ్యలేదు. పట్టాభిషేకం మాత్రం అయిపోయింది. గుడి చుట్టూ కనిపించే నీళ్ళు చూస్తూ ఆ ఘట్టం తలుచుకోండి. గుడి చిన్నది, పది నిమిషాల్లో దర్శనం అయిపోతుంది. డ్రైవరు తొందరపెడితే పెట్టనివ్వండి, కాసేపు బయట కూర్చుని ఆ రెండు శ్లోకాలూ పైకి చదువుకుని బయల్దేరండి.

అక్కడి నుంచి ధనుష్కోటి, రోడ్డు చివర అరిచల్‌మునై. ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క మన్నారు సింధుశాఖ. పెద్దలు మహోదధి, రత్నాకరం అంటారు. ఒకపక్క నీళ్ళు నిలకడగా, ఇంకోపక్క అలలు ఎగిసిపడుతూ ఉంటాయి. సేతువు మొదలైంది ఇక్కడే అని నమ్మకం. నలుడు కట్టిన నూరు యోజనాల వారధికి వాల్మీకి రోజువారీ లెక్క కూడా ఇచ్చాడు: మొదటిరోజు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, 23. రోజురోజుకీ పని పెరిగిందే తప్ప తగ్గలేదు. అలసట రావాల్సిన చోట ఉత్సాహం వచ్చింది. సంకల్ప స్నానం చేయాలనుకుంటే అక్కడి వాళ్ళని అడిగి, ఒడ్డునే చేయండి. లోపలికి దిగకండి, ప్రవాహం చాలా బలంగా ఉంటుంది. చీకటి పడేలోపు అందరినీ పంపించేస్తారు కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ఊళ్ళోంచి బయల్దేరితేనే కోదండరాముడికి, దీనికి సమయం చాలుతుంది.

దారిలో పాత ధనుష్కోటి శిథిలాలు కనిపిస్తాయి. 1964 డిసెంబరు తుఫాను ఒక్క రాత్రిలో ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. పాంబన్ నుంచి వస్తున్న రైలును కూడా ప్రయాణికులతో సహా సముద్రం మింగేసింది. పైకప్పులేని చర్చి గోడలు, రైల్వేస్టేషన్ మొండిగోడలు మిగిలాయి. చుట్టూ అంత జరిగినా కోదండరామాలయం మాత్రం నిలబడింది. అక్కడ ఫోటోలు తీసుకునేవాళ్ళని తప్పుపట్టను గానీ, ఒక్క నిమిషం ఆగి, పోయినవాళ్ళకి దోసెడు నీళ్ళు వదలండి. తర్పణాల కోసమే ఇంతదూరం వచ్చేవాళ్ళున్న ఊరు ఇది, పేరు తెలియని వాళ్ళకి కూడా ఆ నీళ్ళు చెందుతాయి.

ఈ వరసలో ఒక్కచోట మాత్రం సర్దుకోవాలి. శరణాగతి తర్వాత, సేతువుకి ముందు, రాముడు మూడు రాత్రులు దర్భల మీద పడుకుని సముద్రుణ్ణి ప్రార్థించాడు. ఆ దర్భశయన రాముడు ఉన్నది రామనాథపురం దగ్గర తిరుప్పుల్లాణిలో, ద్వీపంలోకి రాకముందే. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది విష్ణుక్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో ఒకటి. మదురై మీదుగా కారులో వచ్చేవాళ్ళకి దారిలోనే కొంచెం పక్కకి తిరిగితే సరిపోతుంది. పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. సముద్రుణ్ణి శరణు కోరమని సలహా ఇచ్చింది ఎవరో తెలుసా? అప్పుడే శరణు పొందిన విభీషణుడే. అభయం ఇచ్చినవాడు, అభయం అడిగినవాడి మాట విని, తానే ఒకరి ముందు శరణార్థిగా పడుకున్నాడు. ఆ పడుకున్న రాముణ్ణి చూస్తే ఎవరి అహంకారమైనా కాస్త మెత్తబడుతుంది.

రైల్లో వచ్చేవాళ్ళకి తిరుప్పుల్లాణి కుదరదు, రామనాథపురంలో దిగితే తప్ప. కానీ వాళ్ళకి పాంబన్ దక్కుతుంది. 1914లో మొదలైన పాత వంతెన మీద 2022 చివర్లో రైళ్ళు ఆపేశారు. దాని పక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, సరిగ్గా శ్రీరామనవమి రోజున ప్రారంభించారు. ఓడలు వస్తే మధ్యభాగం నిటారుగా పైకి లేస్తుంది. రైలు దాని మీదికి రాగానే బోగీలో ఎవరో ఒకరు జై శ్రీరాం అంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. నడుంకట్టుకుని వారధి కట్టడం ఈ నీళ్ళకి కొత్త కాదు.

ఇక రెండోరోజు, పెద్దగుడి. తెల్లవారుజామున అయిదింటికి స్ఫటికలింగ దర్శనం ఉంటుంది, దానికి పొడిబట్టలతోనే వెళ్ళాలి. అది అయ్యాక బయటకి వచ్చి, గుడికి తూర్పున ఉన్న అగ్నితీర్థంలో సముద్రస్నానం. ఇక్కడ నీళ్ళు చెరువులా నెమ్మదిగా ఉంటాయి, పిల్లలు కూడా భయపడరు. ఆ తడిబట్టలతోనే గుడిలోకి వెళ్ళి 22 తీర్థాలు. మహాలక్ష్మి తీర్థంతో మొదలై కోటితీర్థంతో ముగుస్తాయి. బావి గట్టుమీద నిలబడ్డ మనిషి తాడు కట్టిన చిన్న బకెట్ కిందికి విసిరి, రెండు లాగుల్లో పైకి తీసి, మన తలమీద గుమ్మరిస్తాడు. ఒక బావి నీళ్ళు చల్లగా ఒళ్ళు జల్లుమనిపిస్తాయి, రెండడుగుల తర్వాత ఇంకో బావివి గోరువెచ్చగా తగులుతాయి. గంగా, యమున, గయ ఉన్నాయి, సరే. వాటితోపాటు నలుడు, నీలుడు, గవయుడు, గవాక్షుడు పేర్లతో కూడా బావులున్నాయి. బండలు మోసిన వానరుల పేరు చెప్పుకుని మనం పవిత్రమవుతాం. నిన్న ధనుష్కోటిలో వారధి తలుచుకున్నవాళ్ళకి ఈ పేర్లు వినగానే మనసు నిండిపోతుంది. పట్టిక వరసలో వచ్చినవాళ్ళకి అవి ఉత్త బోర్డులు.

కొన్ని మాటలు ఇక్కడే చెప్పాలి. పట్టుబట్టలు వద్దు, నూలువే కట్టుకోండి. రాతినేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు అన్ని బావులూ తిరగలేకపోతున్నామని బాధపడుతుంటారు. ఒక్క కోటితీర్థం నీళ్ళు తలమీద చల్లుకున్నా చాలు, లోపమేమీ లేదు. సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గదిలోనే వదిలెయ్యండి. స్నానాలయ్యాక బట్టలు మార్చుకునే స్వామి దర్శనానికి వెళ్ళాలి, తడిబట్టలతో పంపరు. గుడి మధ్యాహ్నం ఒంటిగంటకి మూస్తారు కాబట్టి పొద్దున్నే మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ఇప్పుడు నిన్నటి శ్లోకం. రావణుడే వచ్చినా అభయం ఇస్తానన్న రాముడి దగ్గరికి రావణుడు రాలేదు. అంగదుణ్ణి రాయబారం పంపినా వినలేదు. యుద్ధం తప్పలేదు. రావణుడు చచ్చి పడి ఉంటే, విభీషణుడు దహనసంస్కారానికి వెనకాడాడు. అప్పుడు కూడా రాముడు, పగలన్నీ చావుతో ముగిసిపోతాయి, సంస్కారం చెయ్యి, ఇతను నీకు ఎలాగో నాకూ అలాగే అన్నాడు. అలాంటివాడు తిరిగి వచ్చి ఈ ఒడ్డున శివుడి ముందు తల వంచాడు. రావణుడు పులస్త్యుడి మనవడు, విశ్రవసుడి కొడుకు, బ్రాహ్మణుడు. బ్రాహ్మణుణ్ణి చంపిన దోషం తీరడానికి లింగప్రతిష్ఠ చేశాడని పురాణం చెప్తుంది. ధర్మం కోసం చేసిన యుద్ధమే, లోకమంతా మెచ్చిన గెలుపే. అయినా ఒక ప్రాణం తీశానన్న భారాన్ని రాముడు దించుకోవాలనుకున్నాడు. నేను చేసింది న్యాయమే కదా అని ఊరుకోలేదు. ఆఫీసులో, ఇంట్లో, ఆస్తి తగాదాల్లో మనం గెలిచి, మాటలతో అవతలివాళ్ళని పడగొట్టి, మనదే న్యాయం అనుకుంటూ బతికేస్తాం. ఆ గర్భగుడి ముందు నిలబడినప్పుడు అలాంటి ఒక గెలుపు గుర్తొస్తే, దాన్నే సంకల్పంలో చెప్పుకోండి.

లోపల లింగాలు రెండు. హనుమంతుడు కైలాసం నుంచి లింగం తేవడానికి వెళ్ళి ఆలస్యమయ్యాడు. ముహూర్తం దాటిపోతోందని సీతమ్మ ఇసుకతో లింగం చేసింది, రాముడు దానికే ప్రతిష్ఠ చేశాడు. అదే రామలింగం. తర్వాత వచ్చిన హనుమంతుడు నొచ్చుకుని, ఆ ఇసుక లింగాన్ని తోకతో చుట్టి పెకలించబోయాడు, కదల్లేదు. రాముడు ఆయన్ని కోప్పడలేదు. నువ్వు తెచ్చిన లింగానికే మొదటి పూజ అన్నాడు. ఇప్పటికీ హనుమంతుడు తెచ్చిన విశ్వలింగానికే ముందు పూజ జరుగుతుంది, తర్వాతే రామలింగానికి. రాముడు చేసిన ప్రతిష్ఠ గొప్పదే, కానీ సేవకుడి మనసు నొప్పించకుండా తన పూజని వెనక్కి జరుపుకున్నాడు. నాకు ఈ క్షేత్రంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

దర్శనమయ్యాక మూడో ప్రాకారం చుట్టూ నడవండి. 18వ శతాబ్దంలో రామనాథపురం ఏలిన సేతుపతి రాజుల కాలంలో పూర్తయిన మండపం, వెయ్యికి పైగా స్తంభాలు, చివర కనిపించదు. 1897 జనవరిలో వివేకానందస్వామి విదేశాల నుంచి తిరిగొచ్చి పాంబన్‌లో దిగి, ఈ గుడిలోనే మాట్లాడారు. పేదవాడిలో, బలహీనుడిలో, రోగిలో శివుణ్ణి చూసేవాడే నిజమైన శివపూజ చేస్తున్నట్టు అన్నది ఆ ప్రసంగంలోని సారం. మన చెయ్యి పట్టుకుని నడుస్తున్న ముసలమ్మకీ, బావి దగ్గర పొద్దుటి నుంచి నీళ్ళు తోడుతున్న మనిషికీ ఆ మాట వర్తిస్తుంది.

మిగిలిన సమయంలో గంధమాదనం గుట్ట మీద రాముడి పాదాలు, కలాం గారి ఇల్లు ఓపికని బట్టి చూసుకోండి. ఆషాఢ, పుష్య అమావాస్యల చుట్టూ మాత్రం రెండు రోజుల ప్రయాణం పెట్టుకోకండి, తర్పణాలకి వచ్చే జనంతో ఊరు కదలదు. కాశీ కూడా వెళ్ళే ఆలోచన ఉంటే, ఇక్కడి ఇసుక కొంచెం పొట్లం కట్టుకుని పూజలో పెట్టుకోండి. దాన్ని ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలిపి, అక్కడి గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తేనే కాశీ రామేశ్వర యాత్ర పూర్తయినట్టు మన పెద్దల లెక్క. అంటే ఇంకోసారి రావాలి, ఈసారి మూడు రోజులు పెట్టుకుని వస్తే తిరుప్పుల్లాణి నుంచి సేతుకరైకి కూడా వెళ్ళిరావచ్చు. లంక వైపు చూస్తూ నిలబడ్డ ఆంజనేయుడు అక్కడ ఉన్నాడు.