పొదుపు బ్యాంకు పుట్టిన ఊళ్లో

జకార్తాలో కూతురి ఇంటికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఒక వారం బాలి తిరిగొచ్చి ఫొటోలు పెడతారు. నేను మధ్య జావాలోని పుర్వోకెర్తో అనే ఊరు వెళ్తానంటే మా అమ్మాయి "అక్కడేముంది నాన్నా?" అంది. బ్యాంకుంది అన్నాను. అనంతపురం జిల్లాలో ఒక గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి మేనేజరుగా రిటైరైన మనిషికి అది చాలు. మా రోజుల్లో ట్రైనింగుకి పంపినప్పుడల్లా ఇండోనేషియా 'యూనిట్ దేశా' గురించి ఒక క్లాసు ఉండేది, పేదవాళ్ల పొదుపుతో పేదవాళ్లకే అప్పులిచ్చి లాభాల్లో నడిచిన బ్యాంకు అని. లాభాల్లో నడవడం అనే మాట దగ్గర వెనక బెంచీలో మేం నవ్వుకునేవాళ్లం.

అల్లుడు సెలవు పెట్టి తోడొచ్చాడు. గంబీర్ స్టేషన్లో పొద్దున రైలెక్కితే సుమారు ఐదు గంటలు. చిరెబాన్ దాకా చదును నేల, అక్కడి నుంచి బండి దక్షిణానికి మళ్లి కొండల్లోకి పోతుంది, కిటికీ నిండా వరి మళ్లు, ఒక మడిలో నాట్లు వేస్తుంటే పక్క మడిలో కోత. మూడు వేల నాలుగు వందల మీటర్లు దాటిన స్లామెత్ అగ్నిపర్వతం మబ్బుల్లో దాక్కుని మాకు కనిపించనే లేదు. ఊళ్లో దిగగానే తిన్నది మెందోవాన్. సోయా గింజలతో చేసే తెంపెను పల్చగా కోసి, పిండిలో ముంచి, సగం వేగీ వేగకముందే నూనెలోంచి తీసేస్తారు, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి. కరకరలాడని బజ్జీ అనుకోండి. నాకు నచ్చింది, అల్లుడికి నచ్చలేదు.

బీఆర్ఐ, అంటే బ్యాంక్ రాక్యాత్ ఇండోనేషియా, వాళ్ల మ్యూజియం సుదీర్మాన్ రోడ్డు మీద ఉంది. ముందు విర్యాత్మజ విగ్రహం. ఆయన డచ్చివాళ్ల కాలంలో ఇక్కడ స్థానిక అధికారి. ఒక బడిపంతులు ఇంట్లో శుభకార్యానికి విందు చేసి, వడ్డీ వ్యాపారి దగ్గర ఇరుక్కుపోయాడు. (ఇంత దూరం వచ్చి విన్న కథ మా మండలంలో ప్రతి ఊళ్లోనూ ఉంది.) విర్యాత్మజ తన చేతికింద ఉన్న మసీదు నిధిలోంచి తీసి అతన్ని బయటపడేశాడు, తర్వాత అలాగే మరికొందరికీ ఇచ్చాడు. మసీదు డబ్బు అలా వాడకూడదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. అప్పుడు 1895 డిసెంబరు 16న సహాయ, పొదుపు బ్యాంకు ఒకటి పెట్టారు, ఇప్పటి బీఆర్ఐకి మొదలు అదే. అంటే ఇక్కడ అప్పు ముందు పుట్టింది, ఆ అప్పుకి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వచ్చాక పొదుపు పుట్టింది. మన దగ్గర తపాలా పొదుపు బ్యాంకు 1882 నుంచి ఉంది, ఈ రోజుకీ దాచుకున్నవాళ్లకు ఆ డిపాజిట్టు మీద ఇవ్వడమే తప్ప ఊళ్లో మనిషికి చిన్న అప్పు ఇచ్చే పని దానికి లేదు. ఆ డబ్బు జాతీయ చిన్న పొదుపు నిధికి పోతుంది, అక్కడి నుంచి ప్రభుత్వాల ఖర్చులకు. లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్న దేశంలో!

మ్యూజియంలో పాత లెడ్జర్లు, నాణేలు చూస్తూ అల్లుడు త్వరగానే విసిగిపోయాడు. నేను మాత్రం 1970, 80ల దగ్గర ఆగిపోయాను. 'బిమాస్' అని ప్రభుత్వం వరి రైతుకు అప్పులిప్పించే పథకం పెట్టింది, దాన్ని నడపడానికి ఈ బ్యాంకు ఊరూరా 'యూనిట్ దేశా' అనే చిన్న శాఖలు తెరిచింది, మూడున్నర వేలు దాటాయి. అప్పు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ. పొదుపు మీద ఇవ్వాల్సింది 15 శాతం. మీరే చెప్పండి, ఏ మేనేజరు ఖాతాలు తెరవమని వెంటపడతాడు? వచ్చిన ప్రతి డిపాజిట్టూ నష్టమే. ఎవరికి ఇవ్వాలో పైనే నిర్ణయమయ్యే అప్పు కాబట్టి, తీసుకున్నవాళ్లు దాన్ని సర్కారు ఇచ్చిందిగానే చూశారు, బాకీలు పేరుకుపోయాయి. ఐఆర్‌డీపీ అనే మన సర్కారు పేదల అప్పుల పథకం కింద గేదెలకు అప్పులిచ్చి 1990 రుణమాఫీ దాకా వసూలుకు తిరిగినవాడికి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు.

1983లో వడ్డీల మీద కట్టుబాట్లు సడలించారు. యూనిట్లు మూసేద్దామా అనుకున్న దశలో, 1984లో 'కుపెదెస్' అని ఒకే ఒక అప్పు పెట్టారు, వరికే అని లేదు, కొట్టుకీ కోళ్లకీ దేనికైనా. వడ్డీ మన లెక్కలో నూటికి రూపాయిన్నర, అదీ బాకీ తగ్గుతున్నా మొదట తీసుకున్న అసలు మీదే, కాబట్టి నిజానికి ఏడాదికి 30 శాతం దాటుతుంది. వాయిదా తప్పకుండా కట్టినవాళ్లకు కొంత వెనక్కి ఇచ్చేవాళ్లు. ఎక్కువే, నేనేం వెనకేసుకు రావడం లేదు. కానీ పక్కనే వడ్డీ వ్యాపారి ఎంత తీసుకుంటున్నాడో తెలిసినవాళ్లు క్యూ కట్టారు. 'సింపెదెస్' అని ఎన్నిసార్లైనా డబ్బు తీసుకోగల పొదుపు ఖాతా పెట్టారు, లాటరీ బహుమతులు కూడా. అంతకుముందున్న ఖాతాలో నెలకు రెండుసార్లే తీసుకోనిచ్చేవాళ్లు, పల్లెలో ఎవరు దాచుకుంటారు అలా. కొన్నేళ్లలోనే ఇచ్చిన అప్పుల కంటే వచ్చిన పొదుపు ఎక్కువైంది. 1997-98లో వాళ్ల కరెన్సీ రూపయా కూలిపోయి పెద్ద కంపెనీలు చేతులెత్తేసిన రోజుల్లోనూ యూనిట్లలో వసూళ్లు నిలబడ్డాయి.

మర్నాడు పసర్ వగే అనే సంతవైపు పోయాం. దగ్గర్లోని ఒక యూనిట్‌లో పనిచేసే కుర్రాడితో అల్లుడి ఆఫీసు స్నేహితుడి ద్వారా ముందే మాట్లాడుకున్నాం. అప్పులిచ్చే ఫీల్డు మనిషిని అక్కడ మంత్రి అంటారు. మోటారు సైకిలు, హెల్మెట్, బ్యాగు, ఎండకి కమిలిన చేతులు, నా ముప్పై ఏళ్ల కిందటి ఫొటో అనుకున్నాను. అల్లుడు మధ్యలో ఉండి ఒకరి మాట ఒకరికి అనువదిస్తుంటే కాఫీ కొట్లో చాలాసేపు కూర్చున్నాం. "పాక్ (అంటే అయ్యా), మీ దగ్గర గుంపులకిస్తారట కదా, ఒకరు కట్టకపోతే ఏం చేస్తారు?" అని అతనే మొదలుపెట్టాడు. డ్వాక్రా సంఘం, తీర్మానం, బుక్ కీపరు, పొదుపు ఎన్ని నెలలు చేశారో చూసి లింకేజీ లోను ఇవ్వడం, అంతా చెప్పాను. వాళ్లది మనిషి మనిషికీ విడిగా ఇచ్చే అప్పు. అప్పు అడిగినావిడ కొట్టుకి పోయి, సరుకు చూసి, రోజుకి ఎంత అమ్ముడవుతుందో అడిగి, ఆమె చెప్పింది నిజమో కాదో పక్క కొట్టువాళ్లని కదిపి, అప్పుడు రాసుకోవాలి. పది లక్షల రూపయా అప్పుకీ, దానికి యాభై రెట్ల అప్పుకీ తిరుగుడు దాదాపు ఒకటే. మరి చిన్న అప్పు ఎందుకిస్తారు అంటే నవ్వి, "టార్గెట్ మొత్తంలో అదీ లెక్కే కదా" అన్నాడు. మన తపాలా పొదుపు బ్యాంకుని అప్పుల బ్యాంకు చెయ్యమని సలహాలిచ్చేవాళ్లు ముందు ఈ కుర్రాడి వెనక బండెక్కి ఒక రోజు తిరగాలి. పొదుపు కౌంటర్లో కూర్చుని తీసుకోవచ్చు. అప్పుకి పెట్రోలు కావాలి, ఊరు తెలిసిన మనిషి కావాలి, అతను ఊరు తెలుసుకునేసరికి బదిలీ అవుతాడు.

ఇంకో తలనొప్పి ప్రభుత్వ పథకం. చిన్న వ్యాపారులకు అప్పులిప్పించే 'కెయుఆర్' 2007లో మొదలైంది, వడ్డీలో కొంత సర్కారు భరిస్తుంది, 22 శాతం నుంచి తగ్గిస్తూ 2020 నాటికి 6కి తెచ్చారు. తెంపె అమ్మే ఒక పెద్దావిడని మంత్రి పలకరిస్తే ఆమె ముందు అడిగింది అదే, ఆ పథకం అప్పుల కోటా వచ్చిందా అని. రాలేదు, మామూలు అప్పయితే ఇవ్వగలను అన్నాడు. మూడింతల వడ్డీ ఎవరికి కావాలి, ఆగుతానంది. తప్పు ఆమెది కాదు. సున్నా వడ్డీ డబ్బు ఖాతాలో పడేదాకా వాయిదా కట్టనని మా సంఘాల లీడర్లు చెప్పినప్పుడు నాకూ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

తిరుగు రైల్లో అల్లుడితో వాదన పడింది. "మామా, ఇదంతా ఫోన్లో అయిపోతుంది, యూపీఐ లావాదేవీలు చూసి లోను ఇచ్చేస్తారు, మంత్రి అక్కర్లేదు" అంటాడు. 2018లో వచ్చిన మన తపాలా పేమెంట్స్ బ్యాంకు సంగతి చెప్పాను. గుమ్మం దగ్గరికి పోస్ట్‌మ్యాన్ వస్తాడు, వేలిముద్ర వేస్తే డబ్బిస్తాడు, రెండు లక్షల దాకా మన ఖాతాలో దాచుకోవచ్చు, కానీ ఆ బ్యాంకు సొంతంగా అప్పివ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. అటువైపు పొదుపు తీసుకునే హక్కు లేని మైక్రోఫైనాన్స్ కంపెనీలు బ్యాంకుల దగ్గర తెచ్చి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాయి, ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు ఇచ్చి, 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు వచ్చేదాకా మన ఊళ్లలో ఏం జరిగిందో అతను అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు కాబట్టి తెలియదు. తిరిగే కాళ్లు వాళ్లకున్నాయి, కానీ ఇచ్చే డబ్బు ఊరిది కాదు కాబట్టి ఊరు మునిగితే ఏమవుతుందన్న భయం లేదు. పోస్టాఫీసుకి ఊరి డబ్బూ, తిరిగే మనిషీ రెండూ ఉన్నాయి, అయినా అనుమతి ఇవ్వాలంటే నాకే భయం. మొదటి ఎన్నికల్లో మాఫీ చేస్తామంటారు, పోయేది ఏ కంపెనీ సొమ్మో కాదు, ముసలమ్మలు దాచుకున్న డబ్బు.

"అయితే వద్దంటావా?" అన్నాడు. వద్దనను. ఒక జిల్లాలో, పాతికేళ్లుగా పొదుపు చేస్తున్న సంఘాలకే, వడ్డీ ఖర్చుకి తగ్గట్టు పెట్టి, మనిషిని మూడేళ్లు కదపకుండా ఇచ్చి చూడమంటాను. వడ్డీ అన్నచోట అల్లుడు ఒప్పుకోలేదు. చిరెబాన్ దాటాక కూడా అదే గొడవ, పక్క సీటు ఆయన లేచి వేరే చోటికి పోయాడు.