తుపానుకు మొలకెత్తని గింజ కోసం: నా అనుభవం

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి కోతలూ బంగాళాఖాతంలో తుపానులూ ఒకేసారి వస్తాయి. చేను పండి వాలే రోజుల్లోనే ముసురు పడుతుంది. పడిపోయిన చేలో కంకి నీళ్ళలో నానితే, కొన్ని రకాల్లో నాలుగైదు రోజులకే గింజ ఎన్ను మీదే మొలకెత్తుతుంది. ఇక ఆ ధాన్యం విత్తనానికి పనికిరాదు, మిల్లుకీ పనికిరాదు. గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు అప్పటికే పని మొదలుపెట్టి ఉంటాయి. తర్వాత ఎంత ఎండబెట్టినా ఆడిస్తే నూకే మిగులుతుంది.

దీనికి విరుగుడు గింజలోనే ఉంది. కొన్ని రకాల గింజలు పండిన కొన్నాళ్ళ దాకా తడి తగిలినా మొలవవు. దీన్ని నిద్రావస్థ అంటాం. మంచి దిగుబడి ఉండీ నిద్ర లేని ఒక సన్న రకంలోకి, నిద్ర బలంగా ఉన్న పాత నాటు రకం నుంచి ఈ గుణాన్ని తేవడమే నా పీహెచ్‌డీ పని. మొదటి రోజే మా మాస్టారు ఒక షరతు పెట్టారు: "నిద్ర రెండు మూడు వారాలు చాలు. రెండు నెలలు నిద్రపోయే గింజ తెస్తే డెల్టాలో ఎవరూ తీసుకోరు." సార్వా ధాన్యం ఇంటికి చేరీ చేరగానే ఇక్కడ దాళ్వాకు (రబీ పంటకు) ఆకుమళ్ళు పోస్తారు. కొత్త గింజనే విత్తనంగా వాడుకునే రైతుకు అది అప్పటికి లేవాలి. తుపాను వెళ్ళేదాకా పడుకోవాలి, దాళ్వాకు లేవాలి. నా ఏళ్ళన్నీ ఈ కొలత పట్టుకోవడానికే పోయాయి.

సంకరం చేయడం పుస్తకంలో ఒక పేరా. చేతికి రావడానికి మాత్రం ఒక సార్వా అంతా పట్టింది. మా క్షేత్రంలో చాలా ఏళ్ళుగా అదే పని చేస్తున్న ఆవిడ నేర్పింది. అత్తా అని పిలిచేదాన్ని. పొట్టలోంచి సగానికి పైగా బయటికొచ్చిన కంకిని సాయంత్రం పూట ఎంచుకోవాలి. కొసన అప్పటికే పూసిన వాటినీ, అడుగున మరీ లేతగా ఉన్నవాటినీ తీసేయాలి. మిగిలిన ఒక్కో పువ్వు పైభాగాన్ని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులనూ సన్నని పట్టకారుతో ఒక్కొక్కటే లాగాలి. ఒక్క తిత్తి చిట్లినా ఆ పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది, సంకరం కాదు. తర్వాత కాగితం సంచి తొడిగి చీటీ కట్టాలి. మర్నాడు పొద్దెక్కి పూలు విచ్చుకునే వేళ తండ్రి కంకి తెచ్చి పైన దులపాలి. వరి పుప్పొడి బతికేది కొన్ని నిమిషాలే. "గాలి లేచేలోపు కానిచ్చేయమ్మాయ్, గాలి లేచాక సుంకు (పుప్పొడి) మన మాట వినదు" అనేది అత్త. ఆవిడ దులిపిన కంకికీ నేను దులిపిన కంకికీ గింజల లెక్కలో తేడా చాలాకాలం ఉండేది.

తూర్పు రాష్ట్రాల దాకా పాకిన స్వర్ణ వరి రకం కూడా ఇలాంటి సంకరంలోంచి పుట్టిందే. వశిష్ఠ, మసూరి దాని తల్లిదండ్రులు. 1925లో మొదలైన మార్టేరు పరిశోధన స్థానం దాన్ని 1982లో విడుదల చేసింది. 2000లో వచ్చిన ఎంటీయూ 1010 రకానికి కృష్ణవేణి, ఐఆర్ 64 తల్లిదండ్రులు. డెల్టాలో రోజూ రెండు పూటలా తినే అన్నం వెనక ఇలా వంగిన నడుములు ఎన్ని ఉన్నాయో బయట పెద్దగా తెలియదు. అది నాకు బాధగానే ఉంటుంది.

సంకరం గింజలు వచ్చాక ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ ఉన్న మొక్కలనే ఉంచాం. తర్వాతి తరం నుంచి అసలు పని మొదలైంది.

గింజ నిద్రను కొలవడంలో ఒక చిక్కుంది. వడ్ల గింజ పై ఊక పూర్తిగా తల్లి మొక్కదే. లోపలి పిండిభాగంలో రెండు పాళ్ళు తల్లివి, ఒక పాలు తండ్రిది. మొలక వచ్చే పిండంలో మాత్రం ఇద్దరిదీ చెరిసగం. నిద్ర ఈ మూడింటి మీదా ఆధారపడుతుంది. పైగా మళ్ళో నిలబడ్డది రెండో తరం మొక్క అయితే, దాని కంకి మీద ఉన్న గింజల్లోని పిండాలు మూడో తరానివి. అందుకే ఒకే కంకిలో ఒక గింజ మూడో రోజున మొలిస్తే, పక్క గింజ మూడు వారాలకూ కదలదు. ఇది మనసుకెక్కాక, ఏ ఒక్క గింజను చూసీ మొక్క మీద తీర్పు చెప్పకూడదని తెలిసింది.

కంకి పూసిన తేదీ చీటీ మీద రాసి, సరిగ్గా ముప్పై రోజులకు కోసేదాన్ని. ఒక రోజు అటూ ఇటూ అయితే పోల్చడానికి లేదు. తడి కాగితం మీద వంద గింజలు పేర్చి పద్నాలుగు రోజులు చూడాలి. మిగతా గింజను దాచి వారం వారం అదే పరీక్ష. మొలవనివి నిద్రలో ఉన్నాయా, చచ్చిపోయాయా అన్నది తేల్చాలి కదా. గింజను నిలువునా కోసి టెట్రజోలియం ద్రావణంలో ఉంచితే బతికున్న పిండం ఎర్రబడుతుంది. చాలామంది కోసిన రోజు అంకె ఒక్కటి చూసి నిద్ర ఉందనో లేదనో రాసేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. రైతుకు కావలసింది గింజ ఎప్పుడు లేస్తుందన్నది.

నిద్ర వదలని విత్తనానికి లీటరు నీటిలో కొన్ని మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి నానబెట్టమని సలహా ఇస్తాం. పని చేస్తుంది, కాదనను. కానీ పిల్లలు తిరిగే ఇంట్లో ఆ సీసా పెట్టుకోమని చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. తనంతట తాను మూడు వారాలకు లేచే గింజ ఇవ్వగలిగితే ఆ సలహాతోనే పని ఉండదు.

2010లో జపాన్ శాస్త్రవేత్తలు కాసలత్ అనే రకం నుంచి ఎస్‌డీఆర్4 అనే నిద్ర జన్యువును గుర్తించారు. ఆ జన్యువు దగ్గరి మార్కరుతో, అంటే దాన్ని పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తుతో, మొక్కలను ముందే వడపోశాను. చాలా శ్రమ తగ్గింది. కానీ నిద్ర ఒక్క జన్యువు చేతిలో లేదు. మార్కరు ఉండి కూడా వారానికే లేచిన వరసలు (ఒక్కో మొక్క గింజను విడిగా నాటినవి) కనిపించాయి. చివరికి నమ్మింది తడి కాగితాన్నే. సార్వాలో ఒక తరం, దాళ్వాలో ఒక తరం వేసినా, రెండు కాలాల్లో గింజ పండే వాతావరణం వేరు, నిద్ర అంకెలు వేరు. అందుకని దాళ్వాను తరం ముందుకు జరపడానికే వాడుకుని, ఎంపిక సార్వా అంకెల మీదే చేశాను. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కాబట్టి ఒకే ఏడాదిలో ఇంకో తరం ఊసే లేదు.

వరసల గుణాలు స్థిరపడుతున్న ఏడు కోతల ముందు తుపాను పట్టింది. నీళ్ళు తీశాక చీటీల పుస్తకం పట్టుకుని మళ్ళోకి దిగాను. నిద్ర లేని ఆ సన్న రకం వేసిన వరసలు పచ్చగా మొలకలేసి ఉన్నాయి. ప్రయోగశాలలో బాగా నిద్రపోయిన వరసలు చాలావరకు మొలవలేదు. అయితే నేను ముందు ఊహించనిది ఒకటి కనిపించింది. అన్నిటికన్నా గాఢనిద్ర ఉన్న ఒక వరస నేలకు పడి రోజుల తరబడి నీళ్ళలో మునిగి, మొలవకపోయినా రంగు మారి పాడైంది. నిద్ర ఓ మాదిరిగా ఉండి గట్టి కాండంతో నిలబడ్డ వరసలు శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి నిద్రతో పాటు కాండం బలాన్నీ ఎంపికలో చేర్చాను. నా పనిలో ముఖ్యమైన ఫలితం ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

పక్క పొలాల రైతులు గట్టు మీదికొచ్చి చూశారు. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నిలబడ్డ వరసలోంచి కంకి దూసి, గింజలు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు.

"బియ్యం ఎలా ఉంటదండీ?" అన్నారు.

"ఇంకా వండి చూడలేదండి, వచ్చే ఏడు చూస్తాం."

"ఆయ్. మొలక రాకపోతే సరిపోదు మేడం గారూ, తినేదిగా కూడా ఉండాలి."

మరుసటి ఏడు వండి చూశాం. అన్నం ముద్దయ్యే వరసలను తీసేశాం. పరీక్షలన్నీ దాటి మిగిలిన కొన్ని వరసలు ఇప్పుడు మినికిట్లుగా (వేసి చూడమని రైతులకిచ్చే చిన్న విత్తన సంచులుగా) రైతుల పొలాల్లో ఉన్నాయి. విడుదలకు ఇంకా సమయం పడుతుంది. మినికిట్ తీసుకున్నవాళ్ళు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ గింజను దాళ్వా ఆకుమడికి పోసుకోవచ్చా అని. నూర్చిన మూడు వారాలకు వంద గింజలు తడి గోనెలో చుట్టి చూడమని, ఎనభై మొలిస్తే పోసుకోమని, తక్కువ వస్తే ఇంకో వారం ఆగి మళ్ళీ చూడమని చెబుతున్నాను. ఎన్ని మొలిచాయో, ఎన్నో రోజున మొలిచాయో రాసి పంపమని కూడా అడుగుతున్నాను.