హాల్లో ఊడిన పెచ్చు

పొద్దున్నే కింది వాటా అమ్మాయి ఫోన్. "ఆంటీ, హాల్లో పైనుంచి పెచ్చు ఊడి పడింది. బాబు అప్పుడే లేచి వెళ్లాడు, సరిపోయింది." కాఫీ కూడా తాగకుండా తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకిచ్చిన మా ఇంటికి వెళ్లాను. చేటంత మేర పెచ్చు రాలిపోయి, కమ్మీలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. చుట్టూ చెమ్మ. ముందు ఫొటోలు తీసుకున్నాను.

వీధి చివర పని చేస్తున్న మేస్త్రీని పిలిస్తే గుమ్మం దగ్గర్నుంచే తల పైకెత్తి చూశాడు. "టెర్రస్ అంతా కెమికల్ కొట్టాలి మేడం. అరవై వేలు. సగం అడ్వాన్స్ ఇవ్వండి." టెర్రస్ నీళ్లే అయితే ముందు పైవాటా సీలింగ్ తడవాలి కదా? అది పొడిగా ఉంది. 2021 నవంబరులో ఊరంతా మునిగిన వానకే దానికి చెమ్మ పట్టలేదు. పంపించేశాను.

మా బావ "అద్దెకున్నవాళ్లనే చేయించుకోమను" అన్నాడు. కొళాయి వాషర్ అరిగితే వాళ్లది, స్లాబ్ నాది. చెప్పినా ఓనరు సకాలంలో పట్టించుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు, వాళ్లే చేయించుకుని ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది.

హార్డ్‌వేర్ షాపాయన్ని మంచి ప్లంబర్ ఎవరని అడిగితే అందరి పేర్లూ చెబుతాడు. "మీ దగ్గర బాకీ ఎగ్గొట్టనివాడు ఎవరు?" అన్నాను. నవ్వి, ఒక్కడి నంబరే ఇచ్చాడు. ఆ మనిషి రెండేళ్ల కిందట బాత్రూమ్ చేసిన ఇంటివాళ్లకూ ఫోన్ చేశాను. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదన్నారు.

అతను వస్తూనే, "చెమ్మ ఎప్పుడు ఎక్కువవుతోంది?" అని అడిగాడు. "పైన బట్టలు ఉతికిన రోజు," అంది అమ్మాయి. నేరుగా పైవాటా బాత్రూమ్‌కి వెళ్లి, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గీకాడు. సిమెంటు పిండిలా రాలింది. ట్రాప్‌లో గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్ గీత గీశాడు. "రేపు ఈ గీత కిందికి దిగితే రేటు చెబుతాను. ఇప్పుడు చెబితే అబద్ధమే." కమ్మీ తుప్పుపట్టి ఉబ్బితే పెచ్చును తోసేస్తుందట. లీకు ఆగాకే తుప్పు గీకి, మందు పూసి, పూత పని.

పైవాళ్లకు ఒకటే బాత్రూమ్. రేపటిదాకా వాడొద్దంటే ఆవిడ మొహం చిన్నబోయింది. రాత్రికి చుట్టాలు దర్శనానికి దిగుతున్నారట. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవా! స్నానాలకు మా ఇంటికి పంపమన్నాను. ఎనిమిది మంది అని ఆ తర్వాత చెప్పింది.