అమ్మానాన్నలకు చెప్పే ముందు, చెప్పాక

మాది అడవివరం. నాన్నగారు ఏటా ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ చెప్పుల్లేకుండా పూర్తిచేస్తారు. మార్గశిర గురువారాల్లో అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనం కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టదు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు మనసు మగవాళ్ళ మీదికే పోతుందని తెలిసినప్పటి నుంచి పట్టుకున్నది దేవుడి భయం కాదు, సంగతి బయటపడితే ఈ ఇంట్లో చోటుండదేమోనన్న భయం. పెళ్ళిసంబంధాలు చూడడం మొదలయ్యేసరికి నిద్ర కరువై, తిండి సహించక, బతకాలనిపించని స్థితికి వచ్చాను. అటువంటి రాత్రుల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడుకోగలగడం నన్ను తెల్లవారేదాకా నిలబెట్టింది.

మొదట చూపించుకున్న డాక్టరు పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నారు. స్వలింగాకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తొలగించిందనీ, దాన్ని మార్చుతామంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించిందనీ నాకు తర్వాత తెలిసింది. రెండో డాక్టరుగారు వైద్యం చేసింది నా డిప్రెషన్‌కు మాత్రమే. నా అనుమతి లేనిదే ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట కూడా చేరదని ఆవిడ ముందే చెప్పారు (2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కే అది). చెప్పదలిస్తే, పొమ్మన్న పక్షంలో తలదాచుకునే చోటు ముందుగా చూసుకోమన్నారు. మద్దిలపాలెంలో స్నేహితుడి గది మాట్లాడుకున్న తర్వాతే నోరు విప్పాను.

ఇది నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సంగతి నాన్నగారు పేపర్లో చదివే ఉన్నారు. ఆయన్ని వేధించిన ప్రశ్న వేరు. నాతోపాటు ఆసుపత్రికి వచ్చి, "ఇది జబ్బే కాదంటున్నారా, లేక మందు లేదంటున్నారా?" అని అడిగారు. "జబ్బయితే కదండీ మందు!" అన్నారావిడ. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అమ్మ ఏడ్చింది, మొక్కులు మొక్కింది. కొంతకాలానికి, గుడిలో అర్చన చేయిస్తూ, అలవాటుగా శీఘ్ర కల్యాణమని సంకల్పం చెప్పబోయిన పూజారిగారిని ఆపి, "కల్యాణం వద్దండీ, ఆయురారోగ్యాలని చెప్పండి చాలు" అంది.

మందులు నిద్రనిచ్చాయి, భయం మాత్రం ఇంట్లో ఇలాంటి చిన్న మార్పులతోనే తగ్గిందని నా నమ్మకం. పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. నాకు తోడైన మనిషి మా ఇంటికి ఇప్పటికీ ఆఫీసు స్నేహితుడిగానే వస్తాడు. పెదనాన్నగారికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు గాని, ఆయన ఫోన్‌లో సంబంధం మాట ఎత్తినప్పుడల్లా నాన్నగారే అందుకుని, "వాడికి పెళ్ళి ఆలోచన లేదన్నయ్యా" అని చెప్పేస్తున్నారు.