రాణిని అమ్ముడా, ఉంచుకునుడా

మొన్న కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చి మా గుర్రం రాణి నోరు తెరిచి పళ్లు చూసిండు. "19 ఏండ్లు ఉంటయి గదా" అన్నడు. ఉన్నయి. పెండ్లి బరాత్‌ల కోసం బాపు కొన్నప్పుడు దానికి 4 ఏండ్లు. అప్పటి సంది ఖిలా వరంగల్‌ల మా ఇంటెనక రేకుల షెడ్డే దాని ఇల్లు.

ఇప్పుడు ముందుకాలు కుంటుతది, డీజే సప్పుడుకు బెదురుతది. గుర్రమేమో 25, 30 ఏండ్లు బతుకుతది. అంటే పని లేకున్నా ఇంకో పదేండ్లు మేపాలె. గడ్డి, తవుడు, నానవెట్టిన ఉలవలు, ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించుడు. పళ్లు అరిగినయి, గడ్డి సన్నగ కోసి తడిపి పెట్టాలె. కడుపునొప్పి వస్తే ఇంక భయమే. గుర్రానికి కక్కుడు రాదు, డాక్టర్ వచ్చేదాకా పక్కనే నిలబడాలె.

తీస్కపోయి ఏం చేస్తవన్నా అని అడిగిన. "ఇంకో రెండు సీజన్లు నడుస్తది తియ్" అన్నడు.

కుంటికాలుతోనా?

బాపు ఏం మాట్లాడలే. లేచిపోయి తొట్టిల నీళ్లు పోసిండు. నా పెండ్లికి నన్ను మోసింది కూడా ఇదే (అప్పుడు నేను 90 కిలోలు, పాపం).

ఆయనకు చాయ్ పోసి పంపినం. రేపు ఉలవల బస్తా తేవాలె.