ఐదో ల్యాండ్ పడిన తర్వాత

ఆదివారం, తిరుపతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బైరాగిపట్టెడలో చిన్నాన్న వాళ్ల మిద్దెమీద తమ్ముడితో మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడాను. వాడిది స్ప్లింటర్ ట్విన్ అనే కార్డును మరోదానితో కలిపి ఒక్కసారిగా గెలిచే కాంబో డెక్ (కార్డుల కట్ట), నాది ఎదుటివాడి కార్డులను అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచే తెలుపు, నీలం రంగుల కంట్రోల్. మోడర్న్ అనే పద్ధతి పోటీల్లో 2016 జనవరిలో నిషేధించిన ఆ కార్డును 2024 డిసెంబరులో మళ్లీ అనుమతించినప్పటి నుంచి వాడు మరో డెక్ ముట్టుకోవడం లేదు. చెరొక ఆట గెలిచి మూడోదానికి వచ్చాము.

వాడి కాంబోకు రెండే కార్డులు చాలు. డిసీవర్ ఎగ్జార్క్ అనే జీవి ఆటలోకి రాగానే తన పక్షపు కార్డు ఒకదాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది (మళ్లీ వాడుకునేలా నిటారుగా తిప్పుతుంది), లేదా ఎదుటివాడిది ఒకటి ట్యాప్ చేస్తుంది (వాడేసినట్టు పక్కకు తిప్పుతుంది). దానికి ట్విన్ తగిలిస్తే అది ట్యాప్ అయి తన నకలును పుట్టిస్తుంది, ఆ నకలు వస్తూనే అసలుదాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది, ఇక కావలసినన్ని నకళ్లు పుట్టి ఆ టర్న్‌లోనే మీద పడతాయి. ఎగ్జార్క్ టఫ్‌నెస్ (దెబ్బ తట్టుకునే శక్తి) నాలుగు కాబట్టి మూడు డ్యామేజ్ చేసే లైట్నింగ్ బోల్ట్‌కు కూడా చావదు.

కౌంటర్‌స్పెల్‌లు (ఎదుటివాడు వేసినదాన్ని రద్దు చేసే కార్డులు) చేతిలో పెట్టుకుని ఓపికగా కూర్చుంటే కంట్రోల్ గెలుస్తుందని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. కాంబో ఆడేవాడికి కూడా ఓపిక ఉంటుంది, పైగా వాడు ఆగిన ప్రతి టర్న్‌లోనూ కాంబోను కాపాడే కార్డు ఒకటి చేతికి రావచ్చు.

మూడో ఆటలో వాడు ముందు ఆడాడు. నా నాలుగో టర్న్ చివర్లో మూడు ల్యాండ్లతో (కార్డులు వేయడానికి కావలసిన మానా అనే శక్తిని ఇచ్చే కార్డులతో) ఎగ్జార్క్‌ను దింపి, నా నాలుగు ల్యాండ్లలో ఒకటి ట్యాప్ చేశాడు. అక్కడే కౌంటర్ చేయవచ్చు గాని, ఎగ్జార్క్ పోతే దాని చోట అదే పని చేసే పెస్టర్‌మైట్ అనే జీవి వస్తుంది, ట్విన్ మాత్రం వాడి చేతిలోనే భద్రంగా ఉంటుంది. అందుకే రానిచ్చాను. ఐదో ల్యాండ్ పెట్టి వాడు నాలుగింటితో ట్విన్ వేశాడు. మిగిలిన ఒక్క నీలి ల్యాండ్ డిస్పెల్ (ఇన్‌స్టంట్లను, అంటే ఎప్పుడైనా వేయగల మంత్రాలను, రద్దు చేసే కార్డు) కోసమేనని ఇద్దరికీ తెలుసు.

"ఏందినా, ఇంకా ఎంతసేపు ఆలోచిస్తావు?" అన్నాడు.

ట్విన్ ఇంకా స్టాక్ మీద (వేసిన కార్డులు పనిచేసే ముందు వరుసలో ఆగే చోట) ఉండగానే, జీవిని ఆట నుంచి తీసేసే ఇన్‌స్టంట్ అయిన పాత్ టు ఎగ్జైల్‌ను ఎగ్జార్క్ మీద వేశాను. వాడు డిస్పెల్ వేశాడు. దాని మీద కౌంటర్‌స్పెల్ వేశాను. నా మూడు ల్యాండ్లూ సరిగ్గా సరిపోయాయి. స్టాక్‌లో చివర వేసిందే ముందు పనిచేస్తుంది కాబట్టి డిస్పెల్ పోయింది, ఎగ్జార్క్ పోయింది, తగులుకోవడానికి జీవి లేక ట్విన్ కూడా గ్రేవ్‌యార్డ్‌కు (అయిపోయిన కార్డుల గుట్టకు) పోయింది.

ఆట తేలింది మాత్రం ఆ తర్వాతే. ఎనిమిది ల్యాండ్లు అయ్యాక నేను సెలెస్టియల్ కాలొనేడ్‌తో దాడి మొదలుపెట్టాను. ఐదు మానా పెడితే ఆ ల్యాండ్ ఆ టర్న్‌కు నాలుగు దెబ్బలు కొట్టే ఎగిరే జీవి అవుతుంది, దాడికి దిగినా ట్యాప్ కాదు కనుక దాన్ని కూడా కలుపుకుంటే కాపలాకు మూడు మానా మిగులుతుంది. కొట్టిన ప్రతిసారీ నా రక్షణ పలచబడుతుంది, నిజమే. అయినా వాడి చెయ్యి దాదాపు ఖాళీగా ఉన్న ఆ నాలుగైదు టర్న్‌లలో కొట్టకుండా కూర్చోవడమంటే, ఇంకో ట్విన్ వెతుక్కోవడానికి నేనే వాడికి తీరిక ఇవ్వడం. తన ల్యాండ్ల కోసం అప్పటికే ఇరవై లైఫ్‌లో నాలుగు ఖర్చు పెట్టుకున్నాడు, కాబట్టి నాలుగు దాడులు చాలు. మూడో దాడి తర్వాత వాడు వేసిన పెస్టర్‌మైట్‌ను రెండు మానాతో కౌంటర్ చేసి, మరుసటి టర్న్‌లో ముగించాను.

కార్డులు సర్దుకుంటూ, వచ్చే ఆదివారం సైడ్‌బోర్డ్‌లో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డుల్లో) బ్లడ్ మూన్ పెట్టుకొస్తానన్నాడు. అది వస్తే బేసిక్ (మామూలు) కాని ల్యాండ్లన్నీ ఎర్ర మానా మాత్రమే ఇచ్చే మౌంటెన్‌లైపోతాయి, నా కాలొనేడ్ కూడా. ఇంటికొచ్చి ఒక కాలొనేడ్ తీసి మామూలు ఐలాండ్ పెట్టాను. రెండోది తీస్తే దాడి ఆలస్యమవుతుందేమోనన్న సందేహం ఇంకా తీరలేదు.