చెట్టు గుంటకు డిడక్షన్

9 అక్టోబరు 2025, గురువారం. మినియాపోలిస్.

పొద్దున మంకీ క్యాప్ తగిలించుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ వంటింట్లోంచే "మళ్లీ ఆ పని దగ్గరికేనా?" అంది. పాలకని చెప్పాను. ఫ్రిజ్‌లో పాలు రెండు డబ్బాలున్నాయని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగు రోజులుగా ఇదే వరస. అమ్మాయి వాళ్లింటికి రెండు వీధుల అవతల చిన్న అంగళ్ల సెంటరు ఉంది. మంగలి షాపు, సైకిళ్లు బాగుచేసే కొట్టు, కాఫీ హోటలు, హార్డ్‌వేర్ కొట్టు, అంతే. చుట్టూ అన్నీ ఇళ్లే, మధ్యలో ఈ నాలుగు కొట్లేమిటని వచ్చిన కొత్తలో ఆశ్చర్యపోయాను. ఒకప్పుడు ఈ ఊళ్లో ట్రాములు తిరిగేవట. ట్రాము ఆగే మూలల్లో ఇలా కొట్లు లేచాయట. 1954లో ట్రాములు ఆగిపోయాయి, కొట్లు ఉండిపోయాయి. మన దగ్గర రైల్వే గేటు తీసేసి ఫ్లైఓవరు కట్టినా "గేటు సెంటరు" అన్న పేరు పోదు చూడండి, అలాగ.

ఆ కొట్ల ముందు ఇప్పుడు గడ్డి తీసేసి టైల్స్ వేస్తున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి ఎక్కడైనా పని జరుగుతుంటే కాళ్లు అటే లాగుతాయి. పాలూ లేదు, పెరుగూ లేదు.

బులెవార్డ్ అంటే పెద్ద రోడ్డు, రెండు పక్కలా చెట్లు, మధ్యలో దీపాలు అని ఇన్నాళ్లూ నా లెక్క. ఇక్కడ బులెవార్డ్ అంటే ఫుట్‌పాత్‌కూ రోడ్డు అంచు కెర్బు రాయికీ మధ్య ఉండే గడ్డి పట్టీ. అయిదారు అడుగుల వెడల్పు ఉంటుంది, అంతే. స్థలం నగరానిది, గడ్డి కోయాల్సింది ఇంటివాళ్లు, అందులో చెట్టు మాత్రం పార్కుల బోర్డుది. మూడు శాఖలు ఒకే ఆరడుగుల్లో ఉన్నాయంటే మా ఊళ్లో అయితే ఫైలు ఇంకా తిరుగుతూనే ఉండేది.

ఇళ్ల ముందు ఈ పట్టీ బాగానే ఉంటుంది. కొట్ల ముందే దానికి బతుకు లేదు. కారు కెర్బుకు ఆనించి ఆపుతారు. ఎడమ పక్క డ్రైవరు రోడ్డు మీదికి దిగుతాడు, కుడి పక్క కూర్చున్న మనిషి సరాసరి గడ్డి మీదికి దిగుతుంది. రోజుకు ఎంతమంది, ఎన్ని చెప్పులు! చలికాలం రోడ్డు మీది మంచునంతా తోసి ఆ పట్టీ మీదే గుట్టలు పోస్తారు. ఆ మంచులో రోడ్డుకు చల్లిన ఉప్పు ఉంటుంది. ఏప్రిల్లో గుట్ట కరిగేసరికి కింద పసుపుపచ్చగా మాడిన గడ్డి, దాని మీద కుక్కల పుణ్యం. మళ్లీ విత్తనాలు చల్లుతారు, మీద గడ్డిచాప పరుస్తారు, జూన్‌లో కాస్త పచ్చబడుతుంది, ఆగస్టుకు మళ్లీ మామూలే. మేం మే నెలలో వచ్చాం కాబట్టి ఈ సంవత్సరపు భాగోతం విత్తనాల దగ్గర్నించీ కళ్లారా చూశాను. పార్కింగ్ మీటరు దగ్గర నేల అరుగులా గట్టిపడి నిగనిగలాడేది. హార్డ్‌వేర్ కొట్టాయన గుమ్మం ముందు అట్టపెట్టెలు చించి పరిచేవాడు, వానొస్తే బురదంతా ఆయన కొట్లోకే కదా మరి.

అమ్మాయికి మాత్రం ఈ పని సుతరామూ ఇష్టం లేదు. మొన్న భోజనాల దగ్గర పెద్ద చర్చే అయింది.

"నాన్నా, రోడ్డు పక్క ఆ వాననీటి కాలవ మూతలోకి పోయిన నీళ్లు ఎక్కడికెళ్తాయో తెలుసా? శుద్ధీ గిద్దీ లేదు, తిన్నగా చెరువులోకీ, వాగులోకీ, మిసిసిపీలోకీ. కాస్తో కూస్తో తాగేది ఆ గడ్డే. దాన్నీ కప్పేస్తే ఎలా?" అంది. మా ఇంటి ముందు కాలవ మూత మీద రాలిన ఆకులు ఆదివారం ఆదివారం ఊడ్చేది అదే. చీపురు పట్టమంటే చిన్నప్పుడు పారిపోయేది.

"గడ్డి ఉంటే తాగుతుందమ్మా. అక్కడ గడ్డేదీ?" అన్నాను.

"గడ్డి లేకపోతే వేసుకోవాలి మామయ్యా, టైల్స్ వెయ్యడమేంటి?" అన్నాడు అల్లుడు. ఇద్దరూ ఒకటే. ఒక టీస్పూను ఉప్పు అయిదు గ్యాలన్ల నీళ్లను ఎప్పటికీ పాడు చేస్తుందని ఇక్కడి కాలుష్య నియంత్రణ వాళ్లు చెప్తారట, అదీ అప్పజెప్పాడు. అయిదు గ్యాలన్లంటే పందొమ్మిది లీటర్లు, మన మినరల్ వాటర్ టిన్నంత. నాకు కాస్త భయమేసిన మాట నిజం. అయినా గడ్డి ఉంటే మాత్రం ఉప్పు చల్లడం మానేస్తారా?

ఆ వాదన తేలలేదు. అందుకే ఇవాళ చేతిలో నీళ్ల సీసా పట్టుకెళ్లాను.

వెళ్లేసరికి మంగలి షాపు ముందు ముక్క ఇంకా తవ్వలేదు. ఎవరూ చూడకుండా సీసా మూత తీసి ఆ గట్టినేల మీద సగం పోశాను. నీళ్లు ఒక్క క్షణం నిలబడ్డాయి. తర్వాత ఎటు వెళ్లాలా అని ఆలోచించి, సన్నటి పాములా కెర్బు మీదుగా రోడ్డులోకి దిగాయి. నేల పైపైన నల్లబడింది గానీ గోరుతో గీకి చూస్తే కింద పొడిపొడిగానే ఉంది. ఏళ్ల తరబడి తొక్కిన మట్టి సిమెంటుతో సమానం. రోడ్డు రోలరు చేసే పనే చెప్పులు కూడా చేస్తాయి, కాస్త నిదానంగా.

ఇక కాఫీ హోటలు ముందు ముక్క నిన్న సాయంత్రానికి పూర్తయింది. మిగతా సగం అక్కడ పోశాను. ఒంపిన నీళ్లు ఒంపినట్టే టైల్స్ సందుల్లోకి గుటుక్కున పోయాయి. కెర్బు దాకా ఒక్క చుక్క రాలేదు.

నిజం చెప్పాలంటే మొన్న ఈ పని చూసి వీళ్లకు పని రాదనుకున్నాను. మన దగ్గరైతే మట్టి తీసి, గ్రావెలు పోసి, రోలరు తొక్కించి, మీద క్రషర్ డస్టో ఇసుకో రెండంగుళాలు పరిచి టైలు పేరుస్తాం. సందుల్లో ఇసుక ఊడ్చి వైబ్రేటరు తిప్పుతాం. వీళ్లు అడుగున పోసింది వట్టి కంకర. డస్టు ఒక్క పిసరు లేదు, కడిగి తెచ్చినట్టుంది. పైన ఇసుక కూడా కాదు, బేబీ చిప్స్, అంటే సన్న కంకర. సందుల్లో కూడా చిప్సే. ఇసుక మిగుల్చుకుంటున్నాడురా కాంట్రాక్టరు అని మనసులో నవ్వుకున్నాను. ఇప్పుడు సీసా ఖాళీ అయ్యాక తెలిసింది. రాయికీ రాయికీ మధ్య ఉన్న ఖాళీయే అక్కడ తొట్టి. నీళ్లు దాంట్లో నిలిచి మెల్లగా భూమిలోకి దిగుతాయి. డస్టు వేస్తే ఆ తొట్టి పూడిపోతుంది. ఇక్కడ చలికాలం నేల లోతుగా గడ్డకడుతుంది, ఇంటి పునాదులు మూడున్నర అడుగుల కిందికి దించాలట. అడుగున తడి మట్టి ఉంటే అది గడ్డకట్టి ఉబ్బి టైల్స్‌ను పైకి లేపేస్తుంది. నీళ్లు జారిపోయే కంకర అయితే ఆ బాధ తక్కువ. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసుకు అర లీటరు నీళ్లు పాఠం చెప్పాయి.

సైకిళ్ల కొట్టు ముక్క దగ్గర కుర్రాడొకడు మోకాళ్లకు రబ్బరు తొడుగులు కట్టుకుని దారం లాగుతున్నాడు. స్పానిష్ మాట్లాడతాడు, ఇంగ్లీషు అంతంతే. నాదీ అంతే. వాటం రోడ్డు వైపుకు పెడుతున్నాడా లేదా అని నాకు అనుమానం. అరచేయి వాలుగా పెట్టి చూపించి "లెవల్?" అన్నాను. వాడు నవ్వి, స్పిరిట్ లెవలు బద్ద మీద పెట్టి బుడగ చూపించి "నివెల్" అన్నాడు. బుడగ గీత దాటి ఒక వెంట్రుకవాసి పక్కన ఉంది. యాభైకి ఒకటి, అంతకు మించితే చక్రాల కుర్చీ పక్కకు లాగేస్తుంది. లెవలుకూ నివెలుకూ అట్టే తేడా లేదు, మా ఇద్దరికీ బాగానే కుదిరింది. ఆ తర్వాత అరగంట సేపు వాడు రబ్బరు సుత్తితో కొడుతుంటే ఆ టకటక వింటూ నిలబడ్డాను. గట్టిగా కూర్చున్న టైలుకు ఒక చప్పుడు, కింద బోలు ఉన్నదానికి ఇంకో చప్పుడు. అది ఏ దేశంలోనైనా ఒకటే. ఒకదాని దగ్గర నేనూ వాడూ ఒకేసారి తలెత్తాం. వాడు దాన్ని పీకి చిప్స్ సర్ది మళ్లీ పెట్టాడు.

ఇదంతా ఒక ఎత్తు. నేను రోజూ వస్తున్నది చెట్ల కోసం.

ఈ నాలుగు కొట్ల ముందు అయిదు చెట్లున్నాయి. హనీ లోకస్ట్ అంటారట. ఆకు అచ్చం చింతాకే. ఈ వారం పసుపుపచ్చగా మారి రాలుతోంది, టైల్స్ సందుల్లో చేరి ఎవరో పసుపు చల్లినట్టుంది. మా ఆవిడ మొదటిరోజు ఆ కొమ్మ వంచి వాసన చూసి "చిగురేం పులుపు లేదండీ" అని పెదవి విరిచింది. ఈ వీధుల్లో అంతకుముందు ఎల్మ్ చెట్లుండేవట, రోడ్డుకు అటూ ఇటూ పందిరిలా కలిసేవట. తెగులొచ్చి 1977 ఒక్క ఏడాదే ఊరు మొత్తం మీద ముప్ఫై వేలకు పైగా పోయాయి. వాటి స్థానంలో ఎక్కువగా యాష్ చెట్లు పెడితే 2010లో వాటికి పట్టే పురుగు ఈ ఊళ్లో దొరికింది, అవీ నరికారు. ఇన్ని చావులు చూసినందుకేమో ఉన్నవాటిని చంటిపిల్లల్లా చూస్తున్నారు. చిన్న ప్రొక్లెయినరు చెట్టు దగ్గరికి రాగానే ఆగిపోయింది. అక్కణ్నించి చేతి పారలే. చెట్టు మొదట్లో పట్టీ వెడల్పంతా, పొడవున అయిదడుగులు మట్టి అలాగే వదిలేసి మీద చెక్కపొట్టు పోశారు.

2009లో మా ఊళ్లో బస్టాండు రోడ్డుకు నేనే జిగ్‌జాగ్ టైల్స్ వేయించాను. టిఫిన్ బండి పెట్టుకునే ఒకావిడ దగ్గర పెద్ద కానుగ చెట్టుండేది. ఆ నీడ లేకపోతే ఆ బండి లేదు. టైలుకు చదరపు మీటరు లెక్కన బిల్లు. చెట్టు చుట్టూ మీటరు వదిలితే అంత కొలత పోతుంది, పైగా చుట్టూ కెర్బు కట్టాలి, టైలు కోయాలి. కాంట్రాక్టరు "నీటుగా ఉంటుంది సార్" అని చెట్టు మొదలుకు ఆనించేశాడు, చివర్న ఉన్న సందులో సిమెంటు పాలు పోశాడు. నేను కొలతల పుస్తకం ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు రాసి గుణించాను. మొదలుకు కూడా డిడక్షన్, అంటే కొలతలోంచి తీసివేత, వెయ్యలేదు. ఆ చెట్టు కాండం మందం కూడా టైల్స్ కిందే బిల్లయింది.

ఆవిడ అప్పుడే అడిగింది, "బాబుగారూ, దీనికి నీళ్లెట్టా పోతాయండీ?" అని. వేళ్లు దూరం దాకా ఉంటాయిలే అన్నాను. మూడో వేసవికి ఆకు పల్చబడింది, నాలుగో వేసవికి ఎండు కొమ్మలు. చెట్టుకు మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఢిల్లీ గురించి హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వు ఇచ్చిన వార్త 2013లో పేపర్లో చదివాను. చదివిన రోజు ఆ రోడ్డున వెళ్లకుండా మార్కెట్ మీదుగా ఇంటికెళ్లాను. అప్పటికి చెట్టు కొట్టేశారు. ఆవిడ నీలం టార్పాలిన్ కట్టుకుంది. ఎప్పుడు వెళ్లినా నాకు ఇడ్లీ వేడిగా పెట్టేది, ఆ సంగతి ఎత్తేది కాదు.

సాయంత్రం మనవడి బడి అయ్యాక వాణ్నీ తీసుకుని మళ్లీ వెళ్లాను. వాడు ముదురు రంగు టైల్స్ మీదే కాలు వెయ్యాలని పందెం పెట్టాడు. ఓడిపోయాను. హార్డ్‌వేర్ కొట్టాయన గుమ్మంలోనే నిలబడ్డాడు, అట్టపెట్టెలు తీసేశాడు. వానాకాలపు బురద కంటే మంచుకాలమే అసలు బాధట ఆయనకు. మంచు ఆగిన నాలుగు పగటి గంటల్లో కొట్టువాళ్లు ఫుట్‌పాత్ తుడవాలి, ఇళ్లవాళ్లకు ఇరవై నాలుగు గంటలు. గడ్డి మీద పార సాగదు, ఇప్పుడు కెర్బు దాకా తోసుకుంటూ పోవచ్చునని చేతులతో చూపించాడు. మరి ఆ మంచు ఎక్కడ పోస్తావయ్యా అని అడుగుదామనుకున్నాను. చెట్టు గుంటలోనే పోస్తాడేమో, ఉప్పుతో సహా. ఇంగ్లీషులో అంత పొడుగు ప్రశ్న కూడబలుక్కునేలోపు గిరాకీ వచ్చింది. రేపు అమ్మాయిని వెంట తీసుకెళ్లి అడిగించాలి.

రాత్రి సీసా సంగతి చెప్తే అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇళ్ల ముందు కూడా వేసేస్తే బాగుంటుందంటావా?" అంది.

"ఇళ్ల ముందెందుకే, అక్కడ గడ్డి బతికే ఉందిగా" అన్నాను. నవ్వింది.

అందరూ పడుకున్నారు. కాఫీ హోటలు ముందు ముక్క అడుగులతో కొలిచాను ఇందాక, మనవడు లెక్కపెట్టాడు. చెయ్యి ఊరుకోదు కాబట్టి రాసిపెడుతున్నాను.

పొడవు 42, వెడల్పు 6 అడుగులు: 252 చదరపు అడుగులు.
డిడక్షన్, చెట్టు గుంటలు 2, ఒక్కొక్కటి 6 ఇంటూ 5: 60.
నికరం: 192.

కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంట్‌కు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు లేరు. మనవడి సంతకం పొద్దున తీసుకుంటాను.